జిలేబికి ప్రభుత్వ శిక్షణ

సామర్లకోటలో హైమావతి ఇంటి కుక్కకి శిక్షణ లేదన్న సంగతి పైవాళ్లకి తెలిసేనాటికి, ఆ కుక్క రెండేళ్లుగా ఉద్యోగం చేస్తూనే ఉంది.

దాని పేరు జిలేబి. తోక అలా చుట్టుకుని ఉంటుంది కనక ఆ పేరు పెట్టారు. ఏ జాతి కుక్కని ఎవరైనా అడిగితే హైమావతి "మా వీధి జాతేనండీ" అని చెప్పేది. దాని ఉద్యోగం హైమావతి కొడుకు విహారిని కనిపెట్టుకుని ఉండడం. విహారికి ఎనిమిదేళ్లు. ఆటిజం ఉన్న పిల్లాడు. మాట్లాడేది తక్కువ, ఆ కాస్తా తూచినట్టు మాట్లాడతాడు. పెద్ద చప్పుడు వినబడిందంటే మాత్రం రెండు చేతులతో చెవులు మూసుకుని ఎటు తోస్తే అటు పరుగు పెడతాడు. ఆ పరుగులో వాడికి రోడ్డూ తెలియదు, లారీ తెలియదు.

హైమావతి ఇంట్లో జాకెట్లు కుడుతుంది. మిషను పక్కన జంతికల డబ్బా పెట్టుకుని, ఖాళీ దొరికినప్పుడల్లా జిలేబికి పని నేర్పింది. విహారి పరుగెత్తితే చుట్టుతిరిగి ముందుకొచ్చి అడ్డం నిలబడాలి. వాడు ఆగాక ఒంటి బరువంతా వాడి మోకాళ్లకి ఆనించి కదలకుండా ఉండాలి. ఆ బరువు తగిలితే చాలు, వాడి ఊపిరి నెమ్మదించేది, చెవుల మీంచి చేతులు దిగేవి. డాక్టర్లు చెప్పిన వ్యాయామాలన్నీ కలిసి చెయ్యలేని పని అది. ఎన్ని జంతికలు ఖర్చయ్యాయో ఆవిడ లెక్కపెట్టలేదు.

బళ్లో చేర్చి రెండేళ్లయినా విహారి ఏ రోజూ రెండో పీరియడు దాకా కూర్చోలేదు. గంట మోగితే పరుగే. హైమావతి గేటు దగ్గర కాపలా నిలబడి పట్టుకునేది. ఈ ఏడు మూడో తరగతిలోకి జిలేబిని కూడా పంపింది. మూడు వారాలు వాడు మధ్యాహ్నం దాకా చక్కగా కూర్చున్నాడు. పలక మీద అంకెలు వేశాడు, పక్కవాడి పేరు నేర్చుకున్నాడు. హైమావతి పొంగిపోయింది. అంతలో కాగితం వచ్చింది.

"నాకేం అభ్యంతరం లేదమ్మా హైమా," అంది హెడ్మిస్ట్రెస్ లలితాంబ, కళ్లజోడు సవరించుకుంటూ. "నిజం చెప్పాలంటే, ఆ కుక్క ఉంటే క్లాసంతా బుద్ధిగా ఉంటోంది. కానీ ఇది విను." అని చదివింది. "'శిక్షణ పొంది ధ్రువీకరింపబడని ఏ శునకమును విద్యాలయ ప్రాంగణమునందు ప్రవేశింపజేయరాదు. అట్లు ప్రవేశించిన యెడల తదుపరి పరిణామములకు సదరు శునకమే బాధ్యత వహించవలెను.'"

"మా జిలేబికి అన్నీ వచ్చు కదండీ."

"వచ్చని కాగితం ఉండాలిట. సెప్టెంబరు ముప్పైలోగా అది రాకపోతే అబ్బాయి పేరు హాజరుపట్టీలోంచి తీసేసి 'ఇంటివద్ద విద్య' జాబితాలో వెయ్యమన్నారు."

ఇంటివద్ద విద్య అంటే ఏమిటో హైమావతికి తెలుసు. నెలకోసారి ఎవరో వచ్చి, గుమ్మంలో పిల్లాణ్ని నిలబెట్టి ఫోటో తీసుకుని, తల్లి చేత సంతకం పెట్టించుకుని వెళ్లిపోతారు. ఆ ఫోటోయే విద్య. ఒకసారి ఆ జాబితాలోకి వెళ్లిన పేరు మళ్లీ బడి గడప తొక్కిన దాఖలా లేదు.

"అయితే ఆ శిక్షణేదో ఇప్పించేస్తానండి," అంది ఆవిడ.

జిల్లా సహాయక శునక శిక్షణా కేంద్రం కాకినాడలో ఉంది. రెండంతస్తుల మేడ, దాని ముందు జీపు, లోపల ఒక డైరెక్టరు, ఒక సూపరింటెండెంటు, నలుగురు గుమాస్తాలు, తాగడానికి చల్లటి నీళ్లు, అన్నీ ఉన్నాయి. లేనిదల్లా కుక్క. ప్రారంభించి పదహారు నెలలైనా ఒక్క కుక్కా రాలేదు. దరఖాస్తు ఫారం లేదు కనక ఎవరూ దరఖాస్తు చేసుకోలేదు. దరఖాస్తు ఎలా ఉండాలో తెలుసుకోవడానికి ఒక్క దరఖాస్తయినా రాలేదు కనక ఫారం తయారు కాలేదు.

అటువంటి చోటికి హైమావతి ఒక చేత్తో పిల్లాణ్నీ, ఇంకో చేత్తో కుక్కనీ పట్టుకుని వెళ్లేసరికి ఆఫీసంతా లేచి నిలబడింది. సూపరింటెండెంటు వీర్రాజు ఏకంగా కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. అది మర్యాద కాదు, ఆయనకి కుక్కలంటే భయం.

డైరెక్టరు గజపతిరావు అంతకుముందు ఇరవయ్యారేళ్లు చెరువుగట్ల శాఖలో పనిచేశాడు. గట్లకీ కుక్కలకీ ఏం సంబంధమని అడిగినవాళ్లకి, పరిపాలన ఎక్కడైనా ఒకటేనని చెప్పేవాడు. ఆయన జిలేబిని చూసి చేతులు జోడించినంత పని చేశాడు.

"చాలా సంతోషమమ్మా. మానవ శునక సమన్వయ రంగంలో ఇదొక చారిత్రక ఘట్టం."

"దీనికి పనంతా వచ్చండి. ఇప్పుడే చేయించి చూపిస్తాను, మీరు కాగితం ఇచ్చేస్తే..."

"చూపించకూడదు!" అన్నాడాయన కంగారుగా. "శిక్షణకు పూర్వమే అభ్యర్థికి పని వచ్చియుండుట అనధికార పరిజ్ఞానం కిందకి వస్తుంది. ముందు దాన్ని మరిపించాలి. ఆపైన క్రమబద్ధంగా నేర్పాలి. నలభై అయిదు రోజులు ఇక్కడే వసతి. కుటుంబ సభ్యులు చూడడానికి రాకూడదు. వస్తే బంధుప్రీతి కలుగుతుంది."

విహారి ఆయన మొహంలోకి కాకుండా చొక్కా గుండీల వైపు చూస్తూ అడిగాడు. "జిలేబి ఎప్పుడొస్తుంది?"

"నలభై అయిదు రోజుల్లో బాబూ."

ఆ నలభై అయిదు రోజులూ విహారి బడికి వెళ్లలేదు. వరండాలో గోడకి ఆనుకుని కూర్చునేవాడు. హైమావతి మిషను తొక్కుతూ వాణ్ని చూసి లోపల్లోపల కుమిలిపోయేది. రాత్రి డ్యూటీ దిగి వచ్చిన భర్త సత్తిరాజు, బస్సు కండక్టరు, "కాయితం కోసవే కదే, ఓర్చుకో" అని సర్దిచెప్పేవాడు.

అక్కడ శిక్షణ మహా జోరుగా సాగింది. మొదటి పదిహేను రోజులూ సిద్ధాంతం. జిలేబిని ఫ్యాను కింద తివాచీ మీద కూర్చోబెట్టి, తెర మీద బొమ్మలు వేసి, 'సేవాభావం: నిర్వచనం, పరిధి, పరిమితులు' అన్న అంశం మీద గజపతిరావు స్వయంగా ఉపన్యసించాడు. పరిమితుల దగ్గర నాలుగు రోజులు పట్టింది. అభ్యర్థి నిద్రపోయింది కానీ, అంతకుముందు ఆ హాల్లో పరిపాలన శిక్షణ పొందిన గుమాస్తాలు కూడా నిద్రే పోయారు కనక ఎవరూ తప్పుపట్టలేదు. సిరాలో ముంచిన కాలిముద్రతో రోజూ హాజరు వేయించారు.

ఉపన్యాసం లేనప్పుడు జిలేబి వీర్రాజు బల్ల కింద పడుకునేది. వీర్రాజు మొదటి వారం కాళ్లు కుర్చీలోకి ముడుచుకుని పనిచేశాడు. రెండో వారం కాళ్లు దించాడు. మూడో వారం నుంచి తన పెరుగన్నంలో సగం దానికి పెట్టడం మొదలుపెట్టాడు. బల్ల కింద పడుకున్న కుక్కకి లోకం బాగా కనిపిస్తుంది. కుక్కలు రావు కనక కలెక్టరాఫీసు అర్జీలు కూడా ఆ కేంద్రానికే అప్పగించారు; జనం కాగితాలు పట్టుకుని వచ్చేవారు, పిలిచేవారు. మూడోసారి పిలిచేదాకా ఎవరూ తలెత్తేవారు కాదు. తలెత్తినవాళ్లు పక్క సీటు చూపించేవారు. పక్క సీటువాళ్లు ఆ పక్క సీటు చూపించేవారు. చేతిలో పొట్లం ఉన్నవాళ్లకి మాత్రం కుర్చీ దొరికేది. ఒంటిగంటకి డబ్బాలు తెరుచుకునేవి, అవి మూసుకున్నాక కూడా ఆఫీసు చాలాసేపు తెరుచుకునేది కాదు. జిలేబి ఇదంతా చెవులు నిక్కించి చూసింది.

నలభై అయిదో రోజున మెడలో ఫోటో కార్డుతో, తుది సంతకం పడితేనే చెల్లే తాత్కాలిక ధ్రువపత్రంతో జిలేబి ఇల్లు చేరింది. వీర్రాజు దాన్ని ఎత్తుకుని మేడ దింపి, జేబురుమాలుతో కళ్లు తుడుచుకున్నాడు. విహారి వచ్చి దాని వీపు మీద చెంప ఆనించుకుని చాలాసేపు ఉండిపోయాడు. హైమావతి సంబరంగా జంతికల డబ్బా మూత తీసింది.

తేడా ఆ సాయంత్రమే తెలిసింది. "జిలేబీ" అని పిలిస్తే చెవి కూడా కదపలేదు. రెండోసారి పిలిస్తే ఒక కన్ను తెరిచింది. మూడోసారికి ఒళ్లు విరుచుకుంటూ లేచి, పిలిచిన హైమావతిని వదిలేసి సత్తిరాజు దగ్గరికి వెళ్లి నిలబడింది. సత్తిరాజు పిలిస్తే గుమ్మంలో కూర్చున్న పక్కింటావిడ దగ్గరికి వెళ్లింది. ఆవిడ పిలిస్తే మళ్లీ హైమావతి దగ్గరికే వచ్చి, ఇందాక తను ఎక్కడున్నదో అక్కడే పడుకుంది. మర్నాడు ఒంటిగంట కాగానే మంచం కిందకి దూరి రెండున్నర దాటితే గానీ బయటికి రాలేదు. చేతిలో పొట్లంతో వచ్చినవాళ్లకి తోక ఊపేది, ఉత్త చేతులతో వచ్చినవాళ్లని చూసి గోడ వైపు తిరిగేది. ఆదివారం పూర్తిగా సెలవు.

ఇదంతా చూసి సత్తిరాజు పగలబడి నవ్వాడు. ఆ నవ్వు మూడు రోజులే నిలిచింది. నాలుగో రోజు వీధిలో ట్రాక్టరు హారను మోగించింది. విహారి చెవులు మూసుకుని రోడ్డు మీదకి పరుగెత్తాడు. జిలేబి తలెత్తి చూసి, మళ్లీ తల కాళ్ల మధ్య పెట్టుకుంది. సత్తిరాజు పరుగున వెళ్లి పిల్లాణ్ని చక్రానికి జానెడు దూరంలో లాగేశాడు. ఇద్దరి మోచేతులూ దోక్కుపోయాయి. హైమావతి పసుపు రాస్తూ ఏడ్చింది, ఏడ్చి ఏడ్చి కోపం తెచ్చుకుంది. మర్నాడు మొదటి బస్సుకి కాకినాడ వెళ్లింది.

గజపతిరావు ఆమె మాటలు శ్రద్ధగా విన్నాడు.

"ఎన్నిసార్లు పిలిస్తే లేస్తోంది?"

"మూడు సార్లండి."

"లేచి?"

"నేను పిలిస్తే మా ఆయన దగ్గరికి పోతోందండి. ఆయన పిలిస్తే ఇంకోళ్ల దగ్గరికి."

"సరైన మార్గంలో పంపుతోందన్నమాట," అని ఆయన వీర్రాజు వైపు తిరిగాడు. "రాసుకోండి. మరి మధ్యాహ్నం?"

"ఒంటిగంటకి మంచం కింద దూరితే రెండున్నరండి. ఒక్కోరోజు మూడు కూడా."

"అమ్మా!" గజపతిరావు కుర్చీలోంచి లేచాడు. "మావాళ్లకి ఇవన్నీ ఒంటబట్టడానికి పదేళ్లు పడుతుంది. మీ కుక్క నలభై అయిదు రోజుల్లో సాధించింది. ఈ కేంద్రం పుట్టుక సార్థకమైంది."

"నా కొడుకు ట్రాక్టరు కింద పడేవోడండీ!"

"అది కార్యక్షేత్ర పరిశీలనలో చూస్తాం. ఇరవై ఎనిమిదో తేదీన బడికి స్వయంగా వచ్చి, శునకాన్ని పరీక్షించి తుది సంతకం చేస్తాను. ఈలోగా ప్రైవేటు వ్యక్తులు దానికి ఏదీ నేర్పరాదు. నేర్పినట్టు తెలిస్తే పత్రం రద్దవుతుంది."

హైమావతి మెట్లు దిగుతుంటే వీర్రాజు వెనకాలే వచ్చాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"అమ్మా, మేవేం నేర్పలేదండి. అది మమ్మల్ని చూసి నేర్చేసుకుందండి, అంతే. నాకు సిగ్గేసిందండి బాబూ. మీరు తలుపులేసుకుని ఎప్పట్లాగే నేర్పుకోండి. నేనేం చూళ్లేదు, వినలేదు. ఆయ్."

ఆ మాట హైమావతికి కొండంత బలమిచ్చింది. ఇంటికొచ్చి తలుపులు, కిటికీలు మూసింది. జాకెట్లు కుట్టించుకునేవాళ్లకి ఇంట్లో అమ్మవారు పోసిందని చెప్పింది. పదహారు రోజులు జంతికల పిండి కలపడం, వేయించడం, విరిచి పెట్టడం.

కానీ జిలేబిని దారికి తెచ్చింది జంతికలు కాదు, విహారి. వాడు వసారాకి అవతలి మూల నిలబడి "జిలేబీ, రా" అనేవాడు. రాకపోతే మళ్లీ అనేవాడు. రోజుకి రెండు వందల సార్లు, అదే చోటి నుంచి, అదే గొంతుతో, కోపం లేకుండా, విసుగు లేకుండా. ఒంటిగంటకి అది మంచం కింద దూరితే తనూ దూరి, దాని చెవి పక్కన కూర్చుని "జిలేబీ, రా" అనేవాడు. జిలేబి చూసిన ఆఫీసులో నాలుగోసారి పిలిచినవాళ్లు లేరు. ఇలాంటి అర్జీదారు వస్తే ఏం చెయ్యాలో దానికి ఎవరూ చూపించలేదు. పన్నెండో రోజున అది మొదటి పిలుపుకే లేచి వచ్చి, వాడి మోకాళ్లకి బరువు ఆనించింది. హైమావతి పిండి చేతులతోనే ఇద్దర్నీ వాటేసుకుంది.

ఇరవై ఎనిమిది శనివారం. గజపతిరావు, వీర్రాజు జీపులో దిగారు. బడి పిల్లలంతా వరండాలో వరసగా నిలబడ్డారు. లలితాంబ స్వయంగా విరామం గంట కొట్టింది. విహారి చెవులు మూసుకుని పరుగందుకున్నాడు. వాడు నాలుగు అంగలు వేసేలోపు జిలేబి చుట్టుతిరిగి వచ్చి అడ్డం నిలిచింది, ఆనుకుంది. వాడి చేతులు దిగాయి. వాడంతట వాడే వెనక్కి తిరిగి బెంచీ మీద కూర్చున్నాడు. మధ్యలో గజపతిరావు బిస్కెట్టు చూపిస్తే జిలేబి దాన్ని చూసి, మళ్లీ విహారి వైపే చూసింది. బడంతా చప్పట్లు కొట్టింది.

గజపతిరావు మొహం మాత్రం వాడిపోయింది. ఫారం తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇదెలా నింపాలయ్యా వీర్రాజూ? 'స్పందనకు పట్టిన కాలం: ఏడు మొదలు పదిహేను పనిదినములు, పదిహేను మొదలు ముప్పై పనిదినములు.' ఇది రెండు క్షణాల్లో వచ్చింది. 'విషయమును ఏ విభాగమునకు పంపినది?' ఎవరికీ పంపలేదు, తనే చేసేసింది. 'విరామం పాటించినదా?' విరామంలో కూడా పనిచేసింది. మనం నేర్పినదాంట్లో ఒక్క ముక్క నిలవలేదు." కాగితం మడిచాడు. "పరిశీలనలో ఉంచుదాం."

"ఎల్లుండితో గడువైపోద్దండీ," అంది హైమావతి. "రేపు ఆదివారం. మీరిప్పుడు సంతకం పెట్టకపోతే వీడికి బడి లేదండి."

"తొందరెందుకమ్మా? పది నిమిషాల్లో చూస్తాను," అని ఆయన టీ గ్లాసు అందుకున్నాడు.

విహారి గోడ గడియారం కేసి చూశాడు. చూస్తూనే ఉన్నాడు. తరవాత బల్ల మీది ఆ మడిచిన ఫారం పట్టుకుని ఆయన ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"పది నిమిషాలయ్యాయి."

"టీ తాగేసి చూస్తాను బాబూ."

విహారి గ్లాసులోకి వంగి చూశాడు. "అయిపోయింది."

"పెన్ను లేదయ్యా."

"జేబులో ఉంది."

"స్టాంపు ప్యాడు..."

"నా దగ్గరుందండి," అన్నాడు వీర్రాజు.

గజపతిరావుకి చెమటలు పట్టాయి. ఇరవయ్యారేళ్లుగా ఆయన 'పది నిమిషాలు' అంటే జనం నిట్టూర్చి లేచి వెళ్లిపోయేవారు. పోట్లాడేవాళ్లని ఎలా తిప్పాలో, బతిమాలేవాళ్లని ఎలా కూర్చోబెట్టాలో ఆయనకి బాగా తెలుసు. చెప్పిన మాట చెప్పినట్టు నమ్మి, వచ్చి ఎదురుగా నిలబడే మనిషిని ఆయన ఎన్నడూ చూడలేదు.

"అర్జెంటు మీటింగు ఉంది!" అని సంచీ చంకలో పెట్టుకుని ఆయన జీపు వైపు పరుగులాంటి నడక అందుకున్నాడు. సారు వస్తున్నాడని డ్రైవరు గట్టిగా హారను కొట్టాడు. హైమావతి చప్పున విహారిని పట్టుకుని వాడి చెవులు మూసింది.

హారను మోగింది, ఒక మనిషి రోడ్డు వైపు పరుగెడుతున్నాడు. జిలేబికి ఇంకేం కావాలి? చుట్టుతిరిగి ముందుకొచ్చి అడ్డం నిలబడింది. ఆయన కుడికి జరిగితే కుడికి, ఎడమకి జరిగితే ఎడమకి జరిగింది. ఆయన ఆగాక, ఒంటి బరువంతా ఆయన మోకాళ్లకి ఆనించి కళ్లు మూసుకుంది.

పిల్లలంతా గొల్లున నవ్వారు. గజపతిరావు నవ్వలేదు, అరవనూ లేదు. ఆయన భుజాలు దిగాయి. సంచీ జారి కింద పడితే తీసుకోలేదు.

"ఇది... ఇలా చేస్తుందా?" అన్నాడు మెల్లిగా.

"అదేనండి దాని పని," అంది హైమావతి. "మొదటి రోజు చూపిస్తానన్నది ఇదేనండి."

విహారి కాగితం చాపాడు. "సంతకం."

"కానీ ఏం రాయనయ్యా వీర్రాజూ? కాలమ్ లేదే!"

"అడుగున 'ఇతరములు' అని ఉందండి సార్. అందులో రాసేద్దాం. 'పిలిస్తే వచ్చింది' అని."

గజపతిరావు పెన్ను తీశాడు. జీపు బానెట్టు మీద కాగితం పెట్టుకుని, తన ఉద్యోగ జీవితంలో మొట్టమొదటిసారిగా అందరికీ అర్థమయ్యే వాక్యం ఒకటి రాసి, కింద సంతకం చేశాడు. వీర్రాజు స్టాంపు గుద్దిన చప్పుడుకి విహారి ఉలిక్కిపడ్డాడు కానీ పరుగెత్తలేదు.

సోమవారం పొద్దున విహారి, జిలేబి మొదటిసారి పూర్తి రోజుకి బడిలోకి వెళ్లారు. హైమావతి అలవాటు కొద్దీ గేటు దగ్గర నిలబడింది. గంట మోగింది. ఎవరూ బయటికి రాలేదు. రెండో గంట, మూడో గంట మోగాయి. పట్టుకోవడానికి ఎవరూ లేకపోయేసరికి ఆవిడకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. ఇంటికెళ్లి మూడు జాకెట్లు కుట్టి, సాయంత్రం మళ్లీ వచ్చింది.

నాలుగింటికి ఇరవై నిమిషాల ముందే పిల్లలు బిలబిలా బయటికొచ్చారు. ఆఖరివాడు కూడా వచ్చేశాడు. విహారి రాలేదు. ఆవిడ ముందు రోడ్డు వైపు చూసింది, తరవాత లోపలికి పరుగెత్తింది. మూడో తరగతి గదిలో విహారి బెంచీ మీద, జిలేబి వాడి కాళ్ల దగ్గర బుద్ధిగా కూర్చుని ఉన్నారు. లలితాంబ నెత్తి పట్టుకుని ఎదురుగా నిలబడి ఉంది.

"లెమ్మంటే లేవడమ్మా! గోడ మీద టైంటేబుల్ చూపిస్తున్నాడు."

"నాలుగు దాకా లెక్కలు," అన్నాడు విహారి.

"వాడు చెప్పింది నిజమే. కానీ మా సుబ్బారాయుడు మాస్టారు పాసింజరు బండి అందదని మూడూ నలభైకే వదిలేస్తారు. పదేళ్లుగా అంతే. ఎవరూ ఏమీ అనలేదు."

"మరిప్పుడెలాగండీ?"

"ఏం చెయ్యను? స్టేషను దగ్గర్నుంచి వెనక్కి రమ్మని మనిషిని పంపాను."

సుబ్బారాయుడు మాస్టారు రొప్పుకుంటూ వచ్చాడు. సంచీ బల్ల మీద పడేసి, పిల్లాడి వైపూ కుక్క వైపూ గుర్రుగా చూసి, సుద్దముక్క తీసుకుని ఏడో ఎక్కం మొదలుపెట్టాడు. విహారి గొంతు కలిపాడు. హైమావతి బయట వరండాలో కూలబడి, చెంగుతో కళ్లు ఒత్తుకుని, మిగతా తల్లులందరిలాగే మొదటిసారి, బడి ఎప్పుడు వదులుతారా అని ఎదురుచూసింది.